లాగే వ్యానా, తోసే వ్యానా: అడుగున తిరిగే షాఫ్టును బట్టి బండి ఎంపిక

వ్యాను కొనబోయేవారు ఎంత బరువు మోస్తుంది, లీటరుకు ఎంత వస్తుంది, నెలకు వాయిదా ఎంత అని అడుగుతారు. ఇంజను బలం చక్రాల దాకా ఏ దారిన చేరుతుందని అడిగేవారు నాకు అరుదుగా కనిపించారు. బండిలో సరుకు ఎలా పేర్చాలి, ఏ రోడ్డు మీద తిప్పాలి, మెకానిక్ దగ్గరకు ఏ పని మీద ఎన్నిసార్లు వెళ్లాలి అన్నవి చాలావరకు ఆ దారిని బట్టే ఉంటాయి కాబట్టి, కొనేముందు ఒక్కసారి బండి కిందికి వంగి చూడడం అవసరమని నా అభిప్రాయం.

మన రోడ్ల మీద ఈ తేడా స్పష్టంగా కనిపించే జంట టాటా వింగర్, ఫోర్స్ ట్రావెలర్. 2007లో మార్కెట్లోకి వచ్చిన వింగర్‌కు మూలం రెనో సంస్థవారి ట్రాఫిక్ వ్యాను. దానిలో ముందు చక్రాలే బండిని లాగుతాయి. మనవాళ్లు ఇప్పటికీ టెంపో ట్రావెలర్ అని పిలిచే బండి మెర్సిడెస్ బెంజ్ టి1 వ్యాను వంశానికి చెందినది. ఇంజను ముందే ఉన్నా, అడుగున పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా బలం వెనక ఇరుసు మధ్యనున్న గేర్ల పెట్టెకు, అంటే హౌసింగుకు చేరి వెనక చక్రాలు బండిని తోస్తాయి. టాటా ఏస్, మారుతీ ఈకో, మహీంద్రా బొలేరో పికప్ కూడా తోసే జాతికే చెందుతాయి. అందువల్ల మన మెకానిక్కులలో ఎక్కువమంది చేయి తిరిగినది తోసే బండ్ల మీదనే, ఎంపికలో ఈ సంగతికి కూడా కొంత విలువ ఇవ్వాలి.

రెండు పద్ధతులలోనూ ఇంజను ఇచ్చే బలం ఒకటే అయినా, షాఫ్టు తిరిగే వేగం, అది మోసే టార్క్, అంటే తిప్పే బలం మాత్రం వేరు. చక్రం ఒక చుట్టుకు సుమారు 2.07 మీటర్లు పోతుందనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. తోసే వ్యానులో ప్రొపెల్లర్ షాఫ్టు హౌసింగులో వేగం తగ్గించే క్రౌన్ గేరుకు ముందే ఉంటుంది కాబట్టి, క్రౌన్ నిష్పత్తి 4.1 అయితే, అంటే షాఫ్టు 4.1 చుట్లకు చక్రం ఒక చుట్టు తిరిగితే, అదే వేగంలో షాఫ్టు సుమారు 3,300 చుట్లు తిరుగుతుంది. లాగే వ్యానులో గేరుబాక్సు నుంచి ముందు చక్రాలకు వెళ్లే రెండు పొట్టి షాఫ్టులు చక్రంతో సమానంగా 800 చుట్లే తిరుగుతాయి, కాని వేగం తగ్గిన మేరకు పెరిగిన టార్క్‌ను రెండూ చెరి సగం పంచుకుని మోయాలి. షాఫ్టు గొట్టానికి అంటుకుని, మధ్యగీతకు 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 50 గ్రాముల బంకమట్టి ముద్ద 3,300 చుట్ల దగ్గర సుమారు 24 కిలోల బరువుతో సమానంగా షాఫ్టును బయటికి గుంజుతుంది. 800 చుట్ల దగ్గర అదే ముద్ద గుంజుడు కిలోన్నర కూడా ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్టుకు బ్యాలెన్సు, కోణం తప్పడం ప్రధాన శత్రువులు కావడానికీ, ముందు షాఫ్టులకు జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగి లోపలికి దూరే దుమ్ము ప్రధాన శత్రువు కావడానికీ కారణం ఇదే.

సరుకు, దారి

లాగే వ్యానుకు అడుగున షాఫ్టు లేనందువల్ల నేల కిందికి దిగుతుంది. మెర్సిడెస్ సంస్థ 2018లో స్ప్రింటర్ వ్యానులో మొదటిసారి ముందు చక్రాలు లాగే రకాన్ని కూడా తెచ్చినప్పుడు, వెనక చక్రాలు తోసే రకంతో పోలిస్తే సరుకు ఎక్కించే గడప 80 మిల్లీమీటర్లు తగ్గింది. మూడు అంగుళాలంటే చిన్న తేడాగా కనిపిస్తుంది కాని, హైదరాబాదు వీధుల్లో రోజుకు వందసార్లు పార్శిళ్లు ఎక్కించి దించే కుర్రవాడి నడుమును అడిగితే దాని విలువ తెలుస్తుంది. రోగులను, వృద్ధులను, బడి పిల్లలను ఎక్కించుకునే బండ్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

బరువు ఎక్కించాక కథ మారుతుంది. ఖాళీ వ్యానులో ఇంజను బరువు ముందు చక్రాల మీదే ఉంటుంది కాబట్టి అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి. సరుకు నిండేకొద్దీ భారం వెనక ఇరుసు మీదికి జరుగుతుంది, వెనక ఇరుసు దాటి పేర్చిన సరుకైతే త్రాసులాగా ముందు భాగాన్ని పైకి లేపుతుంది కూడా. ముందు చక్రాల పట్టు సడలడానికి ఎత్తు ఎక్కడమే కారణమని చాలామంది అనుకుంటారు, కాని లెక్క వేస్తే అది కొంతవరకే నిజం. బరువు కేంద్రం నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తున, రెండు ఇరుసుల మధ్య దూరం 3.4 మీటర్లుగా ఉన్న వ్యాను నూటికి పది చొప్పున లేచే ఎత్తు ఎక్కితే మొత్తం బరువులో సుమారు రెండున్నర శాతమే వెనక్కి జరుగుతుంది. ముందు చక్రాలను తేల్చేది ప్రధానంగా మనం పేర్చే తీరే. లాగే వ్యానుతో పాడేరు ఘాటు ఎక్కవలసినవారు బరువైన పెట్టెలను డ్రైవరు సీటు వెనక గోడకు ఆనించి పేర్చుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. మదనపల్లె చుట్టుపక్కల వానలో తడిసిన పొలం బాటల నుంచి టమాటా పెట్టెలు మార్కెట్టుకు చేర్చేవారికి మాత్రం నేను తోసే బండినే సూచిస్తాను, ఎందుకంటే అక్కడ బరువు ఎక్కేకొద్దీ తోసే చక్రాల పట్టు పెరుగుతుంది, పైగా పొలం గట్టున పేర్చే క్రమాన్ని పాటించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒక ముక్క షాఫ్టు, రెండు ముక్కల షాఫ్టు

తోసే బండే ఎంచుకుంటే, తర్వాత చూడవలసింది ఇరుసుల మధ్య దూరం. పొడవైన గొట్టం ఒక వేగం దగ్గర తాడులాగా వంగి ఊగడం మొదలుపెడుతుంది. ఆ వేగం పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి పొడవు సగమైతే ఆ హద్దు నాలుగింతలు పెరుగుతుంది. 75 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టం 2 మీటర్ల పొడవుంటే, ఆ హద్దు సుమారు 3,150 చుట్ల దగ్గర వస్తుంది. పైన వేసిన లెక్క ప్రకారం అది గంటకు 95 కిలోమీటర్ల వేగం, అంటే జాతీయ రహదారి మీద రోజూ తాకే వేగమే. అందుకే పొడవైన వ్యాన్లలో షాఫ్టును రెండు ముక్కలు చేసి, మధ్యలో రబ్బరు దిండులో కూర్చున్న సెంటర్ బేరింగుతో ఛాసిస్‌కు వేలాడదీస్తారు. 2,100 మిల్లీమీటర్ల ఇరుసుదూరమే ఉన్న ఏస్ వంటి చిన్న బండిలో షాఫ్టు పొట్టిది కాబట్టి ఈ సమస్య రాదు. ట్రావెలర్ 3050, 3350, 3700, 4020 అని ఇరుసుదూరం పేరుతోనే అమ్ముడవుతుంది; ఆ అంకె పెరిగినకొద్దీ అడుగున షాఫ్టు పొడవూ, దాన్ని మోసే ఏర్పాటూ పెరుగుతాయని కొనేవారు గుర్తుంచుకోవాలి. సీట్లు నిండని రోజులే ఎక్కువైతే పొడవైన బండి తీసుకోవడం వల్ల షాఫ్టు సేవ అదనపు భారమే అవుతుంది.

సెంటర్ బేరింగు రబ్బరు సాగిపోయినప్పుడు బండి చెప్పే మాట స్పష్టంగా ఉంటుంది: నిండు బరువుతో మొదటి గేరులో కదిలేటప్పుడు నేల కింద ఎవరో డప్పు మీద వేళ్లతో కొట్టినట్టు వణుకు వచ్చి, బండి వేగం అందుకోగానే పోతుంది. చాలామంది దీన్ని క్లచ్ లోపమనుకుని క్లచ్ ప్లేటు మార్పిస్తారు. క్లచ్ దించడానికి ఒప్పుకునేముందు షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడమని మెకానిక్‌ను అడగడం మంచిది.

సెంటర్ బేరింగు మార్చిన తర్వాత బండి మునుపటికంటే ఎక్కువగా వణికితే బేరింగును నిందించకూడదు. రెండు షాఫ్టులను కలిపే శిలువ ఆకారపు కీలు, అంటే మామూలు క్రాస్ జాయింటు, కోణంలో తిరిగినప్పుడు అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. ఈ తేడా 5 డిగ్రీల కోణంలో నూటికి అరవంతు కూడా ఉండదు, 10 డిగ్రీలలో ఒకటిన్నర శాతం, 20 డిగ్రీలలో ఆరు శాతం దాటుతుంది. రెండు చివరల కోణాలు సమానంగా ఉండి, షాఫ్టు రెండు చివరల క్రాసును పట్టుకునే ఫోర్కులు ఒకే వరుసలో నిలిస్తే మొదటి జాయింటు చేసిన తప్పును రెండోది సరిదిద్దుతుంది. విప్పి తిరిగి బిగించేటప్పుడు, షాఫ్టు ముక్కలు ఒకదానిలో ఒకటి జారే పళ్లలో ఫోర్కులను పావు చుట్టు తప్పించి కూర్చోబెడితే ఆ తప్పు తీరకపోగా రెట్టింపవుతుంది. మా బంధువుల బండికి ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది; రెండు నెలలలో రెండు క్రాసులు, ఒక గేరుబాక్సు వెనక సీలు పోయాక, పాత బాణపు గుర్తులు ఎదురెదురుగా లేవని కనిపెట్టినవాడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి లేత్ పనివాడు. అప్పటి నుంచి షాఫ్టు విప్పకముందే సుత్తీ పంచ్‌తో రెండు ముక్కల మీదా చుక్క పెట్టించడం నాకు అలవాటైంది. సుద్దముక్క గీత డీజిలుతో కడిగితే పోతుంది.

కోణాన్ని చెడగొట్టే మరో అలవాటు మనలో ఉంది. బరువు ఎక్కువ మోయాలని కమాను కట్టకు అదనపు పట్టీలు వేయించినప్పుడు ఖాళీ బండి వెనక భాగం లేచి, షాఫ్టు కోణం తయారీదారు లెక్కను దాటిపోతుంది. రోజులో సగం దూరం ఖాళీగా తిరిగే బండికి ఇది తిన్నగా క్రాసు ఆయుష్షును తినేస్తుంది. అలాగని కోణం పూర్తిగా లేకపోవడమూ మంచిది కాదు, ఎందుకంటే కొద్దిపాటి కోణం ఉంటేనే క్రాసులోని సూదుల బేరింగులు దొర్లుతాయి, లేకపోతే ఉన్నచోటనే గుంటలు పెట్టుకుంటాయి.

షాఫ్టు చివర ఉక్కు క్రాసుకు బదులు మందపాటి రబ్బరు బిళ్ల అమర్చిన వ్యాన్లు కూడా ఉన్నాయి. రబ్బరు కుదుపును మింగుతుంది, గ్రీజు అడగదు, చప్పుడు చేయదు, కాని పగులుతుంది. 2017లో ఫోర్డు సంస్థ ఉత్తర అమెరికాలో 2015–2017 మోడళ్ల ట్రాన్సిట్ వ్యాన్లను సుమారు 4 లక్షల దాకా వెనక్కి పిలవవలసి వచ్చింది, కారణం ఈ రబ్బరు కలుపు పగిలి షాఫ్టు ఊడిపోయే ప్రమాదం. శాశ్వతమైన మరమ్మతు సిద్ధమయ్యేదాకా 30,000 మైళ్లకు, అంటే సుమారు 48,000 కిలోమీటర్లకు ఒకసారి కొత్త రబ్బరు వేయించుకోవాలని సంస్థ సూచించింది. అమెరికాలో సరుకుల వ్యాపారానికి వాడిన ట్రాన్సిట్ కొనే మన తెలుగువారు ఈ పని జరిగిందో లేదో ఛాసిస్ నంబరుతో సరిచూసుకోవాలి. ఎండ, ధూళి, అధిక బరువు మూడూ కలిసే చోట నా ఓటు ఉక్కు క్రాసుకే.

గ్రీజు కొట్టే క్రాసు, మూసిన క్రాసు

క్రాసు మార్చవలసి వచ్చినప్పుడు దుకాణంలో గ్రీజు నిపిల్ ఉన్నదీ, లేనిదీ రెండూ చూపిస్తారు. నిపిల్ లేని మూసిన రకం లోపల గ్రీజు దారి కోసం తొలిచిన రంధ్రాలు ఉండవు కాబట్టి ఒళ్లు గట్టిది, సీళ్లు కూడా సాధారణంగా మెరుగైనవి. కాని ఒకసారి నీరు చొరబడితే దానికి వైద్యం లేదు. నిపిల్ ఉన్న రకం నీళ్లలో దిగిన మర్నాడే కొత్త గ్రీజుతో పాత మురికిని తోసేసుకోగలదు. తేల్చి చెప్పాలంటే, గ్రీజు కొట్టే క్రమశిక్షణ ఉన్నవారికే నిపిల్ ఉన్న క్రాసు మేలు. ఆ అలవాటు లేనివారి బండిలో అది మూసిన దానికంటే ముందే పోతుంది. వర్షాకాలంలో బురదలో తిరిగే బండికి 5,000 కిలోమీటర్లకు ఒకసారి కొట్టించడం నేను పాటించే లెక్క, మీ బండి పుస్తకం ఇంకా ముందే కొట్టమంటే దాన్నే అనుసరించండి.

గ్రీజు కొట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. లిథియం గ్రీజులో ఎన్.ఎల్.జి.ఐ. కొలతలో 2 చిక్కదనం గలది, అధిక ఒత్తిడికి తగిన రకం తీసుకుని, క్రాసు నాలుగు చివరలనూ కప్పే బేరింగు గిన్నెల అంచుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గన్ను నొక్కాలి. మూడింటి నుంచి వచ్చి నాలుగోదాని నుంచి రాకపోతే ఆ గిన్నె ఎండిపోతున్నట్టే, కాబట్టి అక్కడ ఆగిపోకుండా దాన్ని కొంచెం సడలించి మళ్లీ కొట్టాలి. గిన్నె అంచున ఇటుకపొడి రంగు ధూళి కనిపిస్తే సూదులు అప్పటికే అరిగిపోతున్నాయి. అలాంటి క్రాసుకు ఎంత గ్రీజు కొట్టినా ఫలితం ఉండదు. షాఫ్టు పొడవు సర్దుకునే జారే పళ్లకూ గ్రీజు అవసరమేనని చాలామంది మరచిపోతారు, బండి ఆగి కదిలిన ప్రతిసారీ వినిపించే టక్కుమనే చప్పుడు చాలాసార్లు అక్కడిదే.

కొన్ని షాఫ్టులలో క్రాసు గిన్నెలను సర్‌క్లిప్‌తో కాకుండా ఫోర్కు లోహాన్నే నొక్కి బిగిస్తారు. అలాంటి షాఫ్టుకు క్రాసు విడిగా మార్చడం సాధారణంగా కుదరదు, షాఫ్టునే మార్చాలి. బండి కొనేముందు విడిభాగాల దుకాణంలో క్రాసు కిట్టు విడిగా దొరుకుతుందా అని అడిగితే ఈ విషయం రెండు నిమిషాలలో తేలిపోతుంది.

ముందు షాఫ్టుల సేవ

లాగే వ్యానులో గ్రీజు గన్నుకు పని లేదు. చక్రం వైపు జాయింటులో ఆరు ఉక్కు గుండ్లు ఉండి, ఎంత కోణంలో తిప్పినా వేగాన్ని ఒకేలా అందిస్తాయి, గేరుబాక్సు వైపు జాయింటు షాఫ్టు పొడవును కూడా సర్దుతుంది. రెండింటినీ రబ్బరు బూటు కాపాడుతుంది. యజమాని పని ఒక్కటే: ప్రతి ఆయిలు మార్పిడికి చక్రాన్ని పూర్తిగా ఒక వైపు తిప్పి బూటు మడతలలో చీలికలు వెతకడం. బూటు చిరిగిన వారంలోనే మార్పించి, జాయింటు కడిగి, మాలిబ్డినం కలిసిన గ్రీజు నింపితే చిన్న ఖర్చుతో పోతుంది. లోపలికి ఇసుక చేరాక మలుపులో కటకటమనే చప్పుడు మొదలైతే జాయింటే మార్చాలి. మలుపులో చప్పుడు చక్రం వైపు జాయింటుది, తిన్నని రోడ్డు మీద యాక్సిలరేటరు నొక్కినప్పుడు వచ్చే వణుకు సాధారణంగా గేరుబాక్సు వైపుది. మామూలు చక్రాల గ్రీజును ఇందులో నింపే అలవాటు కొన్ని చోట్ల ఉంది, దాన్ని ఒప్పుకోకండి.

ఆయిలు విషయంలో రెండు బండ్లకూ తేడా ఉంది. తోసే బండి హౌసింగులో క్రౌన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ రుద్దుకుంటాయి కాబట్టి సాధారణంగా జి.ఎల్.-5 తరగతి ఆయిలు కావాలి, 80డబ్ల్యూ-90 చిక్కదనం ఎక్కువగా కనిపిస్తుంది. గేరుబాక్సులో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు ఉన్నప్పుడు జి.ఎల్.-5లోని గంధకం వాటిని తినగలదు, అందుకే అక్కడ జి.ఎల్.-4 అడుగుతారు. ఒకే డబ్బా తెచ్చి రెండింటిలోనూ పోసే చోట బండి ఇవ్వకూడదు. లాగే వ్యానులో రెండు చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ గేరుబాక్సులోనే ఉంటుంది కాబట్టి ఒకే ఆయిలుతో పని జరుగుతుంది, ఏదన్నది పుస్తకమే చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన తోసే బండ్లలో హౌసింగు మీది గాలి రంధ్రం ద్వారా, చక్రాల సీళ్ల ద్వారా హౌసింగులోకి నీరు చేరే అవకాశం ఉండేది. మునిగిన బండి హౌసింగు ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే మార్చడం ఒక్కటే దారి. గాలి రంధ్రం బురదతో మూసుకుపోయినా లోపలి ఒత్తిడి సీళ్ల నుంచి ఆయిలును తోసేస్తుంది, కనుక సీలు మార్పించే ముందు ఆ రంధ్రం శుభ్రంగా ఉందో లేదో చూడాలి.

వాడిన బండి కొనేటప్పుడు

వణుకు ఎక్కడిదో తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగం దాకా తీసుకెళ్లి, న్యూట్రల్‌లో పెట్టి జారనివ్వాలి. వణుకు అలాగే ఉంటే అది టైర్లదో, షాఫ్టుదో అయి ఉండాలి, పోతే ఇంజను వైపు చూడాలి. ఆ వేగంలో టైరు సెకనుకు పది పదకొండు సార్లే తిరుగుతుంది కాబట్టి దాని లోపం స్టీరింగులో కుదుపుగా తెలుస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్టు నలభై నాలుగు సార్లు తిరుగుతుంది కాబట్టి దాని లోపం నేలలోనూ సీటులోనూ ఝుమ్మనే నాదంగా వినిపిస్తుంది. తర్వాత చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, బండి కిందికి వెళ్లి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాసులో ఉన్న ఖాళీ వేళ్లకే తెలుస్తుంది. గొట్టం మీద బ్యాలెన్సు కోసం అతికించిన చిన్న ఇనుప బిళ్ల ఊడిపోయిన మచ్చ ఉందా, మధ్యలో నొక్కు పడిందా అన్నవి కూడా అప్పుడే చూడాలి. నొక్కు పడిన గొట్టాన్ని సుత్తితో సరిచేయించిన షాఫ్టును నేను ఏ ధరకూ తీసుకోను, గొట్టం మార్చి మిషన్ మీద బ్యాలెన్సు చేయించిన పాత షాఫ్టును మాత్రం కొత్తదానితో సమానంగానే చూస్తాను. ప్రయాణికుల బండి అయితే షాఫ్టు విరిగినప్పుడు ముందు చివర నేలకు గుచ్చుకోకుండా ఆపే ఇనుప కట్టు అడుగున ఉందో లేదో కూడా చూడాలి, పాత బండ్లలో దాన్ని విప్పి తిరిగి బిగించకుండా వదిలేసినవి కనిపిస్తుంటాయి. బండి కిందికి వెళ్లనివ్వని అమ్మకందారు దగ్గర నేను మిగతా బేరం మాట్లాడను.